ఆ ఊరు ఏమైంది నాన్నా?

ప్రశ్న

పేరు వేయొద్దని కోరిన ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆయన వయసు 47. చదువుకునే రోజుల నుంచి కంప్యూటర్ గేమ్స్ ఆడుతున్నారు. నగరాలు కట్టే ఆటలన్నా, చరిత్ర మీద నడిచే స్ట్రాటజీ గేమ్స్ అన్నా ప్రాణం. కూతురికి ఎనిమిదేళ్లప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, మ్యాప్ మీద ఒక నాగరికతను మొదటి నుంచి పెంచుకుంటూ పోయే సివిలైజేషన్ అనే ఆట నేర్పించారు. ఇప్పుడు ఆ అమ్మాయికి 17. ఇన్నేళ్లూ ఆదివారం సాయంత్రం వస్తే చాలు, ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు చేరేవారు. ఒకరు మౌస్ పట్టుకుంటే ఇంకొకరు సలహాలు చెప్పడం, గంటకోసారి చేతులు మారడం. "స్కూల్లో ఎవరితో గొడవైందో, ఏ సబ్జెక్టంటే భయమో, అన్నీ ఆ కుర్చీలో కూర్చునే నాకు చెప్పింది" అని రాశారు.

మూడు నెలల కిందట ఒక ఆదివారం ఆట అప్పుడే మొదలైంది. మ్యాప్ అంచున చిన్న గుడిసెల ఊరు కనబడింది. ఆయన అలవాటు కొద్దీ తన స్కౌట్‌ను, అంటే కొత్త చోట్లు వెతకడానికి పంపే మనిషిని, అందులోకి నడిపించారు. ఖజానాలో కొంత బంగారం చేరింది, మ్యాప్ మీద ఊరు మాయమైంది. "ఆ ఊరు ఏమైంది నాన్నా?" అని అడిగింది కూతురు. "ఏమవుతుంది, మనకు బంగారం ఇచ్చింది కదా" అన్నారాయన. "ఇచ్చాక ఆ మనుషులు ఎక్కడికి పోయారు?" అంది. అక్కడి నుంచి మాటా మాటా పెరిగింది. ఆక్రమించుకోవడమే అభివృద్ధి అని ఈ ఆట నేర్పుతోందని, నగరాలు కట్టనివాళ్లను అనాగరికులుగా చూపిస్తోందని ఆమె వాదన. చివరికి, "పాతికేళ్లుగా ఇదే ఆడి ఆడి, టీవీలో యుద్ధం వార్తలొచ్చినా నువ్వు మ్యాప్ చూసినట్టే చూస్తున్నావు. నీ బుర్రలో ఉన్నదంతా ఈ ఆట పెట్టిందే" అనేసింది. ఆయనకు కోపం వచ్చి, "ఆటను ఆటలా చూడటం రాకపోతే నీతో ఆడటం దండగ" అని అరిచారు.

ఆ రోజుతో ఆదివారాలు ఆగిపోయాయి. ఇంట్లో మామూలుగానే మాట్లాడుతోంది, ఆ గదిలోకి మాత్రం రావడం లేదు. తనొక్కతే ల్యాప్‌టాప్‌లో దిస్ వార్ ఆఫ్ మైన్ ఆడుకుంటోంది. "యుద్ధంలో చిక్కుకున్న మామూలు జనం ఆకలికీ చలికీ తట్టుకుని బతకడమే ఆ ఆట. నేనూ చూశాను. నాకు ఆటలా అనిపించలేదు, ఉపన్యాసంలా ఉంది. ఈ మధ్య వచ్చే ఆటలన్నీ ఇంతే, అన్నిట్లో రాజకీయాలే. అందుకే నా పాత ఆటలు నాకు చాలనుకున్నాను. ఇప్పుడు వాటిలోనూ రాజకీయాలే అంటోంది" అని వాపోయారు.

ఆయన అడిగినవి మూడు. ఆమె అన్నదాంట్లో నిజం ఉందా? ఎవరైనా ఆమె బుర్రలోకి ఇవన్నీ ఎక్కించారా? తన ఆదివారాలు తిరిగి రావాలంటే ఏం చేయాలి?

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాజకీయాలు అన్న మాట మీరు చాలాసార్లు రాశారు గానీ, చదువుతున్నంతసేపూ నాకు ఖాళీగా ఉన్న ఆ పక్క కుర్చీయే కనబడింది. అయినా ఆ కుర్చీ దాకా వెళ్లే దారి మీ మొదటి ప్రశ్న మీదుగానే ఉంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ సాయంత్రం మీ అమ్మాయి రెండు మాటలంది. ఒకటి ఆట గురించి, రెండోది మీ గురించి. ఒకే ఊపులో అనేయడంతో రెండూ కలిసిపోయాయి. మిమ్మల్ని నొప్పించింది రెండోది, మీరు కొట్టిపారేసింది మొదటిది. తను కనిపెట్టినదాన్ని మీరు తీసిపడేశారని ఆమె అనుకుంది. ఇన్నేళ్ల మీ ఇష్టాన్ని ఆమె తీసిపడేసిందని మీరనుకున్నారు. ఈ రెండు మాటలనూ విడదీసి చూడకపోతే ముడి ఇంకా బిగుసుకుంటుంది.

ఆట గురించి ఆమె అన్నది చాలావరకు నిజమండీ. ఆటలో పక్షపాతం అనగానే మనం కథలో వెతుకుతాం. విలన్ ఏ దేశంవాడు, హీరో చేతిలో ఏ జెండా, ఏ పాత్ర నోట ఏ డైలాగ్ అని. మీ అమ్మాయి పట్టుకున్నది అంతకంటే లోతుగా ఉన్నదాన్ని. ఆమె రూల్‌ని పట్టుకుంది. ఆ ఊరికి పేరు లేదు. దానితో మాట్లాడటానికి లేదు. మీరు అడుగుపెట్టగానే బంగారమో, ఏదో ఒక విద్యో ఇచ్చి మాయమైపోవడం తప్ప దానికి వేరే పని లేదు. ఆ ఊరి గురించి ఆట ఒక్క చెడ్డమాట కూడా అనదు. కానీ ఈ మ్యాప్ మీద చరిత్ర ఎవరిది, దారిలో దొరికే కానుక ఎవరు అన్నది ఆ రూలే తేల్చేసింది. మీరు వందలసార్లు ఆ గుడిసెల్లోకి వెళ్లి ఉంటారు. నేనూ వెళ్లాను. అక్కడ మనుషులుంటారన్న ఆలోచన నాకూ రాలేదు.

1991లో సిడ్ మీయర్ మొదటి సివిలైజేషన్ తెచ్చినప్పటి నుంచి ఆ ఊళ్లు ఏదో ఒక రూపంలో ఆ ఆటల్లో ఉంటూనే ఉన్నాయి. ఈ తరహా ఆటలకు ఫోర్ ఎక్స్ అనే పేరుందని మీకు తెలిసే ఉంటుంది. 1993లో ఒక గేమింగ్ పత్రికలో పుట్టిన పేరది. ఎక్స్‌ప్లోర్, ఎక్స్‌పాండ్, ఎక్స్‌ప్లాయిట్, ఎక్స్‌టర్మినేట్. అంటే వెతుకు, విస్తరించు, పిండుకో, తుడిచిపెట్టు. ఆటలను ఇష్టపడేవాళ్లే పెట్టి, ఇష్టంగా వాడుకుంటున్న పేరు. నాలుగు మాటలనూ తెలుగులో పక్కపక్కన రాసి చూస్తే మీ అమ్మాయి వాదన వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 2018లో సివిలైజేషన్ 6కి అదనపు భాగంగా వచ్చిన ఎక్స్‌పాన్షన్‌లో కెనడా మూలవాసులైన క్రీ ప్రజలను, 19వ శతాబ్దంలో వాళ్లకు నాయకుడైన పౌండ్‌మేకర్‌ను చేర్చారు. చేర్చినవాళ్లు గౌరవంతోనే చేర్చి ఉంటారు. కానీ క్రీ నాయకుల్లో ఒకరు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. పక్కవాళ్ల నేలను గెలుచుకోవాలన్న వలస పాలకుల విలువలే తమవి కూడా అన్నట్టు ఆట చూపిస్తోందన్నది ఆయన బాధ. ఆ మ్యాప్ మీద చోటు కావాలంటే ఎవరైనా ఆ నాలుగు ఎక్స్‌ల ప్రకారమే నడవాలి. ఆటలో వాళ్లకు సీటైతే దొరికింది, ఆట మాత్రం వాళ్లది కాలేదు.

మరి ఇదంతా ఎవరైనా కావాలని చేసిన పనా? మీ అమ్మాయికి అలా అనిపిస్తున్నట్టుంది. ఇక్కడ నేను కొంచెం మీ వైపు వస్తాను. చాలాసార్లు పక్షపాతం ఉద్దేశంలోంచి పుట్టదు, సౌకర్యంలోంచి పుడుతుంది. నగరం కట్టి నడిపే ఆట, 1989 నాటి సిమ్‌సిటీ మీరు ఆడే ఉంటారు. దాన్ని తయారుచేసిన విల్ రైట్ నగరం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి జే ఫారెస్టర్ అనే ఇంజనీరు 1969లో వేసిన లెక్కల మోడల్‌ను ఆధారం చేసుకున్నారు. పేదలకు చవక ఇళ్లు కట్టిస్తే నగరం ఇంకా దిగజారుతుందని తేల్చిన మోడల్ అది. అప్పట్లోనే దాని మీద పెద్ద వాదోపవాదాలు నడిచాయి. విల్ రైట్‌కు కావలసింది సరదాగా నడిచే ఒక నగరం. రాజకీయం చేయాలని ఆయన కూర్చోలేదు. కానీ అరువు తెచ్చుకున్న లెక్కలతో పాటు ఆ లెక్కలు వేసినాయన చూపు కూడా కొంత వచ్చేస్తుంది కదా. 2013లో వచ్చిన సిమ్‌సిటీలో పార్కింగ్ స్థలాలను దాదాపు దాచేశారు. నిజంగా ఎంత స్థలం కావాలో అంతా చూపిస్తే నగరమంతా పార్కింగే అయిపోయి ఆట విసుగు పుడుతుందని దాని డిజైనరే చెప్పారు. దాంతో కార్లు ఎన్ని ఉన్నా నగరం నిండుగా, అందంగా కనబడుతుంది. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు, సరదా కోసం ఒకటి వదిలేశారంతే. ఒక ఆటను అర్థం చేసుకోవాలంటే అది ఏమేం లెక్కపెడుతుందో చూడాలి, దేన్ని లెక్కలోకే తీసుకోలేదో అంతకంటే ఎక్కువగా చూడాలి.

నిజంగా ప్రచారం కోసమే తయారైన ఆటలూ ఉన్నాయి. 2002లో అమెరికా సైన్యం స్వయంగా విడుదల చేసిన అమెరికాస్ ఆర్మీ అనే ఆట, సైన్యంలోకి యువతను ఆకర్షించడానికి తయారుచేసినదే. అందులో నాకు ఎప్పుడూ గుర్తుండిపోయే సంగతి ఒకటుంది. రెండు జట్లు తలపడతాయి. ఏ జట్టులో ఉన్నా ఆటగాడికి తన జట్టువాళ్లు అమెరికా సైనికులుగానే కనబడతారు, అవతలివాళ్లు శత్రువుల వేషంలో కనబడతారు. అవతల కూర్చున్నవాడి తెరమీద కూడా అంతే, అక్కడ మీరే శత్రువు. శత్రువు వేషంలో తనను తాను చూసుకునే అవకాశం ఎవరికీ లేదు. 2022లో ఆ ఆటను ఆపేశారు. చరిత్రను తిప్పి చెప్పినవీ ఉన్నాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో కువైట్ నుంచి వెనుదిరుగుతున్న ఇరాక్ సేనల వాహనాల మీద అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ దళాలు బాంబులు వేసిన రోడ్డుకు హైవే ఆఫ్ డెత్ అని పేరు వచ్చింది. 2019 నాటి యుద్ధం ఆట కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్‌లో ఒక కల్పిత దేశంలో అదే పేరుతో ఒక రోడ్డు ఉంటుంది. అక్కడ బాంబులు వేసింది రష్యా వాళ్లని చెబుతారు.

మీ గుడిసెల ఊరినీ, సైన్యం తీసిన ఆటనూ ఒకే గాటన కట్టలేం. మీ అమ్మాయి కట్టేసింది. 17 ఏళ్ల వయసులో మొదటిసారి ఒకటి కనబడినప్పుడు ప్రపంచమంతా అదే కనబడుతుంది. పైగా సివిలైజేషన్‌లో విజ్ఞానంతో గెలవొచ్చు, సంస్కృతితో గెలవొచ్చు. ఊరికే యుద్ధాలు చేస్తుంటే మిగతా దేశాధినేతలు మొహం తిప్పేసుకుంటారు. ఆక్రమించుకోవడమే అభివృద్ధి అని నేర్పుతుందన్న మాట కొంత ఎక్కువైంది. ఇది మీరు ఆమెకు చెప్పాల్సిందే. అయితే ఆమె చెప్పేది పూర్తిగా విన్నాక చెప్పాలి.

ఇక మీ గురించి ఆమె అన్న మాట. "నీ బుర్రలో ఉన్నదంతా ఈ ఆట పెట్టిందే" అనడం అన్యాయం. పాతికేళ్లు ఒక మనిషి మీద ఎన్నో పనిచేస్తాయి. ఆ మాట మిమ్మల్ని ఎందుకంత నొప్పించిందో నాకు అర్థమైంది. కానీ దాని పక్కనే ఆమె ఇంకోటి అంది, యుద్ధం వార్తలను మ్యాప్ చూసినట్టు చూస్తున్నావని. ఆ మాటను మాత్రం కోపం తగ్గాక ఒకసారి ఒంటరిగా ఆలోచించి చూడండి. ఎందుకంటున్నానంటే, పాత సిమ్‌సిటీలో ఒక గడి పడగొట్టడానికి ఒక్క డాలరు చాలు. రోడ్డు తిన్నగా పోవాలని నేనొకసారి ఇళ్ల వరుస మొత్తం బుల్‌డోజర్‌తో తీసేశాను. ఎవరూ అడ్డం పడలేదు, ఎవరూ ఏడవలేదు, ఎవరికీ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు. కొన్నాళ్లకు రోడ్డు విస్తరణలో ఇళ్లు పోతాయన్న వార్త చదువుతూ, ముందుగా ఆ రోడ్డు తిన్నగా వస్తుందా లేదా అని ఆలోచించాను. ఇళ్లలో ఉన్నవాళ్లు తర్వాత గుర్తొచ్చారు. ఆ ఆటే నన్నలా మార్చిందని చెప్పలేను. ఆ క్షణంలో నా చూపు ఎక్కడి నుంచి చూస్తోందో మాత్రం నాకు తెలిసింది. పైనుంచి, బుల్‌డోజర్ బొమ్మ ఉన్న చోటి నుంచి. మీకూ అలాంటి సందర్భం ఏదైనా గుర్తొస్తే అది మీ అమ్మాయితో పంచుకోదగ్గ విషయం. గుర్తురాకపోతే బలవంతంగా ఒప్పుకోనక్కర్లేదు.

మీ ఉత్తరంలోనే ఉన్న ఇంకో సంగతి చెబుతాను, నొచ్చుకోకండి. కొత్త ఆటలన్నిట్లో రాజకీయాలే అన్నారు. ఆ కొత్త ఆటల్లో మీరు చూసినదాన్నే మీ పాత ఆటలో ఆమె చూసింది. మీ కళ్లకూ ఆ పక్షపాతం కనబడుతుంది, కాకపోతే మీకు నచ్చని వైపున్నప్పుడు మాత్రమే. మనకు నచ్చిన ఆటలో ఉన్నది మనకు ఆటలాగే కనబడుతుంది. ఆమె సంగతీ అంతే. దిస్ వార్ ఆఫ్ మైన్ 2014లో పోలండ్‌లో తయారైంది, 1990లలో బోస్నియా యుద్ధంలో జరిగిన సరజేవో నగర ముట్టడి దానికి ప్రేరణ. యుద్ధం ఎందుకొచ్చింది, న్యాయం ఎవరి వైపు ఉంది అన్నది ఆ ఆట దాదాపు పట్టించుకోదు. ఒక ఇల్లు, అందులో నలుగురు మనుషులు, మందులు అయిపోవస్తున్న డబ్బా, దాని లోకం అంతే. అదీ ఒక పక్షమే. నాకైతే గౌరవించాల్సిన పక్షమే అనిపిస్తుంది. 2020లో పోలండ్ ప్రభుత్వం ఆ ఆటను హైస్కూలు విద్యార్థులకు సిఫారసు చేసే జాబితాలో చేరుస్తున్నట్టు ప్రకటించింది. అంటే అది ఏదో చెబుతోందని ప్రభుత్వానికీ తెలుసు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడంలో తండ్రీకూతుళ్లిద్దరూ సమానంగానే ఉన్నారు.

ఎవరైనా ఆమె బుర్రలోకి ఎక్కించారా అని అడిగారు. పుస్తకాలో, స్నేహితులో, వీడియోలో కొన్ని పెద్ద మాటలు అందించి ఉండొచ్చు. అది ఆ వయసులో అందరికీ జరిగేదే. కానీ ఆ ఊరు ఏమైంది అన్న ప్రశ్న ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నట్టు లేదు. తొమ్మిదేళ్లు ఆ ఆటను మీ పక్కన కూర్చుని చూసిన పిల్లకే ఆ ప్రశ్న వస్తుంది. ఈ రూల్ ఎందుకుంది, ఈ నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది, దీన్ని మార్చితే ఏమవుతుంది అని ఆలోచించడం స్ట్రాటజీ గేమ్ ఆడేవాళ్ల అసలు నైపుణ్యం. అది ఆమెకు నేర్పింది మీరే. మీరు నేర్పిన చూపుతోనే మీ ఆటను చూసింది. ఆమెకు ఈ మాట చెప్పగలిగితే ముందు ఇదే చెప్పండి.

ఇప్పుడు ఆదివారాల సంగతి. మీ ముందు కొన్ని దారులున్నాయి, దేనికుండే ఇబ్బంది దానికుంది.

ఏమీ జరగనట్టు ఊరుకోవచ్చు. ఇంట్లో శాంతి ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు ఆమె మళ్లీ వచ్చి కూర్చోవచ్చు కూడా. కానీ నాన్నతో కొన్ని విషయాలు మాట్లాడకూడదు అని ఆమె నేర్చుకుంటుంది. రేపు ఆమె చదువు, ఉద్యోగం, ప్రేమ, పెళ్లి, ఓటు ఇవన్నీ ఆ జాబితాలోకి వెళ్తాయేమోనని నా భయం. మూడు నెలలుగా మీరు వెళ్తున్నది ఈ దారిలోనే.

వాదించి గెలవడానికి కూర్చోవచ్చు. నేను పైన రాసిన వాటిలో మీకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి, గెలుస్తారు కూడా. ఆమె కూడా తనకు పనికొచ్చేవి ఏరుకుని గెలుస్తుంది. ఇద్దరూ గెలిచిన ఇంట్లో మౌస్ పట్టుకునేవాళ్లు ఉండరు.

ఆమె ఆట ఆమె పక్కన కూర్చుని ఆడొచ్చు. ఇది నాకు నచ్చిన దారి, కాకపోతే మీకు కష్టమైనది. మీకది మళ్లీ ఉపన్యాసంలాగే అనిపించవచ్చు. అనిపిస్తే ఎక్కడ అనిపించిందో, ఏ రూల్ దగ్గర చెయ్యి మెలిపెట్టినట్టయిందో ఆమెకు చూపించండి. ఆమె మీకు చేసింది అదే కదా. మధ్యలో లేచి వెళ్లిపోతే మాత్రం ఇప్పుడున్నదానికంటే దూరం పెరుగుతుంది.

లేదా మీ పాత ఆటనే కొత్తగా మొదలుపెట్టొచ్చు. సివిలైజేషన్ 6లో ఆట మొదలుపెట్టే ముందు వచ్చే సెట్టింగుల్లో ఆ ఊళ్లు లేకుండా చేసే వీలుంది. అది తేలిక, కానీ నేను సలహా ఇవ్వను. దాంతో ఆ ఊళ్లు ముందే మాయమవుతాయి, ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం దొరకదు. దానికి బదులు ఊళ్లన్నీ ఉంచి, ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకోండి, మనం ఏ ఊళ్లోకీ వెళ్లొద్దని. ఏం జరుగుతుందో చూడండి. కొంతసేపటికి కంప్యూటర్ ఆడిస్తున్న పక్క దేశం స్కౌట్ వచ్చి అందులోకి వెళ్తాడు, బంగారం వాళ్లకు పోతుంది, ఊరు ఎలాగూ పోతుంది. మీరు పాటించిన నీతికి ఆట శిక్ష వేస్తుంది. ఆ టర్న్ దగ్గర ఆగి ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో దాని కోసమే ఇది చెబుతున్నాను. ఆమె అంటున్నది అక్కడ మీకు కళ్లతో కనబడుతుంది. నీతిగా ఉంటూ కూడా గెలవొచ్చా అన్న మీ స్ట్రాటజీ బుర్రకు అక్కడ పని దొరుకుతుంది. ఆట కొంత నెమ్మదిస్తుంది, ఒకప్పటి మైమరపు అలాగే తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను. ఒకసారి కనబడిన ఊరు మళ్లీ కనబడకుండా పోదు.

అది బాగా నడిస్తే ఇంకో అడుగు ఉంది. ఆ ఆట రూల్స్‌లో చాలా భాగం మామూలు ఎడిటర్‌లో తెరిచి చదవగలిగే ఫైళ్లలో ఉంటుంది. వాటిని మార్చి సొంత మోడ్‌లు, అంటే తమకు నచ్చినట్టు మార్చిన ఆట రూపాలు, చేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. నీకు నచ్చని రూల్ ఒకటి మార్చి చూపించు, దాంతో నేను ఆడతాను అని ఆమెతో అనండి. మార్చడం మొదలుపెట్టాక ఆమెకు ఒకటి అర్థమవుతుంది, ఏ పక్షమూ లేని రూల్ రాయడం ఎంత కష్టమో. మాయం కాకుండా ఉండిపోయే ఊరికి ఏమేం ఇవ్వాలి? పేరా, పొలమా, ఆయుధమా, కాదనే హక్కా? ప్రతిదానికీ ఆమే ఒక నిర్ణయం తీసుకోవాలి.

వీటన్నిటికీ ముందు మీరు ఆమెకు ఒక క్షమాపణ బాకీ ఉన్నారు. ఆట మీద మీ అభిప్రాయం గురించి కాదు. నీతో ఆడటం దండగ అన్నందుకు. ఎనిమిదేళ్లప్పటి నుంచి మీ పక్కన కూర్చున్న పిల్లకు ఆ ఒక్క మాటే గుర్తుండిపోయి ఉంటుంది. అది చెప్పడానికి ఆదివారం దాకా ఆగక్కర్లేదు. ఆమె తన మాటకు తిరిగి సారీ చెప్పకపోవచ్చు, వెంటనే వచ్చి కూర్చోకపోవచ్చు. అడగకండి. "ఆ ఊరు ఏమై ఉంటుందని నువ్వనుకున్నావు?" అని మాత్రం అడగండి. అడిగాక మధ్యలో ఆపకుండా వినండి, ఎంతసేపు చెప్పినా.

ఆమె ఏ రూల్ మార్చిందో, దాంతో ఆడితే ఎవరు గెలిచారో నాకు తప్పకుండా రాయండి.